పిల్లల కాగితం మీద మన చెయ్యి పడకుండా: మూడు నుంచి ఆరేళ్ల వాళ్లతో బొమ్మల పని ఎలా చేయించాలి

మీరు అంగన్‌వాడీలోనో ప్రీ స్కూల్లోనో పనిచేస్తుంటే ఇది మీకు తెలిసిన సంగతే. రేపు పేరెంట్స్ మీటింగ్. గోడకు అంటించడానికి ఇరవై మామిడిపండ్లు కావాలి. టీచర్ ఇరవై కాగితాల మీద ఇరవై మామిడిపండ్లు గీస్తుంది. పిల్లలు పసుపు రంగు నింపుతారు. రంగు గీత దాటిన చోట టీచరే సర్దుతుంది, పైన ఆకు కూడా తనే వేస్తుంది. మర్నాడు తల్లి వచ్చి "మా పాప భలే వేసిందే" అంటుంది. పాప మాత్రం ఆ ఇరవైలో తనది ఏదో గుర్తుపట్టలేక గోడ వంక చూస్తూ నిలబడుతుంది.

నేనూ కొన్నేళ్ల పాటు అలాంటి మామిడిపండ్లు గీసినదాన్నే. అవి చూడ్డానికి బాగుండేవి, కానీ వాటిలో పిల్లలు వేసింది ఏమీ లేదు. ఇది మారాలంటే ముందు మన చేతికి పని చెప్పాలి, తర్వాత ఆ చేతిని పిల్లల కాగితం మీంచి తీసేయాలి. ఎలాగో వరసగా చెబుతాను. దీనికి డ్రాయింగ్ మాస్టారు అక్కర్లేదు, ఖరీదైన సామానూ అక్కర్లేదు.

ముందు రోజు సాయంత్రం మీరు కూర్చోండి

రేపు పిల్లలకు ఏ వస్తువు ఇవ్వబోతున్నారో దాన్ని ముందు రోజే ఒక పావుగంట మీరు చేతిలోకి తీసుకోండి. బంకమన్ను అయితే పిసకండి, ఉండ చేయండి, పాములా పొడుగ్గా లాగండి. ఎక్కడ పగులుతోంది? ఎంత తడి ఉంటే చేతికి అంటుకోకుండా చెప్పిన మాట వింటోంది? క్రేయాన్ అయితే పైన ఉన్న కాగితం ఒలిచేసి, అడ్డంగా పడుకోబెట్టి రుద్దండి. మొనతో గట్టిగా నొక్కి చూడండి, తాకీ తాకనట్టు లాగి చూడండి. బొమ్మ వేయాలని మాత్రం అనుకోకండి. ఆ వస్తువు ఏమేం చేయగలదో తెలుసుకోవడానికే ఆ పావుగంట. మర్నాడు పాప "టీచర్, నా పాము విరిగిపోతోంది" అంటే ఎన్ని చుక్కల నీళ్లు కావాలో మీ వేళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

ట్రైనింగుల్లో నాకు ఎక్కువగా వినబడే మాట "నాకు బొమ్మలు రావండీ" అని. ఆ మాట అన్నవాళ్లే తెల్లారుజామున వాకిట్లో వంగి, 15 చుక్కలు పెట్టి, సందుచుక్కలతో 8 వరకు దించి, స్కేలూ రబ్బరూ లేకుండా మెలికల ముగ్గు పూర్తి చేస్తారు. ఈసారి ఆ ముగ్గును కాస్త దూరంగా జరిగి చూడండి. వేళ్ల సందుల్లోంచి పిండి జారిన దారి గీత. ఆ గీత తిరిగి వచ్చి కలిసిన చోట ఆకారం. ఇటు పువ్వుంటే అటూ పువ్వు ఉండటం సమతూకం. ఒకే మెలిక మళ్లీ మళ్లీ రావడం లయ. నడుమ ఉన్న పెద్ద పద్మం మీదికే ముందుగా చూపు పోవడం ప్రాధాన్యం. పేడనీళ్లు చల్లిన నేల మీద తెల్లపిండి కొట్టొచ్చినట్టు కనబడటం వైరుధ్యం. గీతల మధ్య మిగిలిపోయిన నేల ఖాళీ. ఆర్ట్ కాలేజీలో మొదట చెప్పే సూత్రాలు ఇంచుమించు ఇవే. మీకు ఇవన్నీ వచ్చు, పేర్లే కొత్త. ఆ పేర్లు పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. మీకు తెలిసి ఉంటే చాలు, ఎందుకంటే పిల్లల పనిలో అవి కనబడినప్పుడు గుర్తుపట్టాల్సింది మీరే.

ఏ వయసులో చెయ్యి ఏం చేస్తుందో చూడండి

"మా వాడు అన్నీ పిచ్చిగీతలే గీస్తున్నాడు" అంటారు తల్లులు. మన భాషలో ఆ గీతలకు ఉన్న పేరే అది. దాన్ని మనమైనా వాడటం మానేద్దాం, ఎందుకంటే ఆ గీతల్లో పిచ్చి ఏమీ లేదు. రెండేళ్లప్పుడు భుజం మొత్తం కదుపుతూ కాగితం దాటి నేల మీదికి పోతారు. మూడేళ్లకు చెయ్యి కాస్త అదుపులోకి వచ్చి చుట్టలు చుట్టడం మొదలుపెడతారు. ఆ చుట్టల్లో ఒకటి ఒకరోజు మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ఆ క్షణం మీ కంట పడితే పాప మొహం చూడండి, తనే ఆశ్చర్యపోతుంది. ఆ తర్వాత గీతలకు పేర్లు పెట్టడం వస్తుంది. "ఇది బస్సు" అంటారు. పది నిమిషాలు పోయాక అదే గీతను "ఇది మా తాత" అంటారు. రెండూ నిజమే, వాదించకండి.

నాలుగేళ్లు దాటుతుంటే మనిషి వస్తాడు. పెద్ద గుండ్రటి తల, ఆ తల కిందనుంచే రెండు కాళ్లు, పొట్ట ఉండదు. చూడ్డానికి చిన్న తోకకప్పలా ఉంటాడు. పొట్ట మర్చిపోయావేం అని అడగకండి, దానంతట అదే వస్తుంది. ఐదారేళ్లకు కాగితం అడుగున నేలగీత, పైన ఆకాశం గీత, మధ్యలో ఖాళీ. ఈ వయసులోనే అమ్మ పొట్టలో చెల్లి, బస్సు గోడలోంచి లోపలి సీట్లు కూడా కనిపిస్తాయి. కంటికి కనబడేది కాకుండా తమకు తెలిసింది గీస్తారు.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్య ఆచార్యుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ ఎదుగుదలను 1947లో దశలుగా విడదీసి చెప్పారు. 2 నుంచి 4 ఏళ్లు గీతల దశ, 4 నుంచి 7 ఏళ్లు బొమ్మకు ముందు రూపం దిద్దుకునే దశ. కలరింగ్ బుక్కులను ఆయన గట్టిగా వ్యతిరేకించారు. వేరొకరు గీసిన కుక్కకు రంగు నింపితే పిల్లకు తన కుక్క ఎప్పటికీ రాదన్నది అందులోని సంగతి. నేను కలరింగ్ బుక్కులను పూర్తిగా తీసేయలేదు. వర్షం పడి బయటికి పోలేని రోజున చేతికి ఏదో ఒక పని కావాలని అడిగే పిల్లలకు ఇస్తాను. కాకపోతే దాన్ని బొమ్మల క్లాసు అనను.

సామాను వంటింట్లోంచి, చెరువు గట్టు నుంచి

రంగులు. పసుపు పచ్చకు పసుపు, ఎరుపుకు బీట్‌రూట్ రసం, ఇటుక రంగుకు అరుగులకు పూసే జాజు, తెలుపుకు సుద్ద, నలుపుకు నూరిన బొగ్గు. ఆకుపచ్చకు చిక్కుడాకు నేరుగా కాగితం మీద రుద్దితే సరిపోతుంది. ఉత్త నీళ్లలో కలిపితే ఆరాక రాలిపోతాయి. మైదా జిగురులో కలపండి. రెండు చెంచాల మైదా గ్లాసెడు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి మెరుపు వస్తుంది. అదే జిగురు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసే అలవాటు కొందరికి ఉంది. పిల్లల జిగురులో అది వేయకండి, విషం. రెండు రోజులకు సరిపడా కాచుకుని, మిగిలింది పారేయడమే మంచిది. కొనే రంగులైతే నాన్ టాక్సిక్ అని రాసి ఉన్న పోస్టర్ కలర్లే తీసుకోండి.

మన్ను. చెరువు మట్టి తెచ్చి ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టి, ఒక రాత్రి నానబెట్టండి. రాళ్లూ గాజుపెంకులూ లేవని మీ చేత్తో పిసికి చూశాకే పిల్లలకు ఇవ్వండి. మట్టి దొరకని టౌన్లలో రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి, ముప్పావు గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే కొన్ని రోజులు మెత్తగానే ఉంటుంది.

కుంచెలు. వేపపుల్ల కొన నమిలినట్టు నలగ్గొడితే కుంచె. పుల్లకు దూది చుట్టి దారం కడితే ఇంకో రకం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల కలం కూడా దీనికి బంధువే. మొన చెక్కిన వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. రంగు అందులో ఊరి ఉంటుంది, వేలితో నొక్కితే మొన మీదికి దిగుతుంది. పిల్లలు తమ కుంచె తామే చుట్టుకుంటే దాన్ని పారేసుకోరు. మొన మాత్రం వద్దు, మొద్దు కొనే ఉంచండి. రంగులు పోయడానికి కొబ్బరి చిప్పలు బాగుంటాయి. వాటి కింద గుడ్డను చుట్టకుదురులా పెడితే ఒరిగిపోవు.

క్రేయాన్లు కొత్తవి వచ్చినప్పుడు రెండంగుళాల ముక్కలుగా విరిచేయండి. మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ పొడుగు క్రేయాన్‌ను పిల్లలు పిడికిట్లో పట్టుకుంటారు. ముక్క చిన్నదైతే పిడికిట్లో పట్టదు కాబట్టి బొటనవేలూ పక్క వేళ్లూ ముందుకొస్తాయి. పెన్సిల్ పట్టు అక్కడే మొదలవుతుంది.

చోటు. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊళ్లో పురపాలక సంఘం 1963లో చిన్నపిల్లల బడి తెరిచింది. లోరిస్ మలగుజ్జి అనే విద్యావేత్త నడిపించిన ఆ బడుల్లో బొమ్మల పనికి విడిగా ఒక గది, అందులో పిల్లలతో పాటు పనిచేయడానికి ఒక కళాకారుడో కళాకారిణో ఉండేవారు. మనకు గది రాదు. వరండాలో ఒక మూల, రోజూ అదే మూల, ఒక చాప, చెయ్యి పెడితే అందే ఎత్తులో ఒక అర ఉంటే సరిపోతుంది. ముఖ్యమైనది చోటు మారకుండా ఉండటమే. నిన్న ఎక్కడ ఆపారో ఈరోజు అక్కడే మొదలుపెట్టగలగాలి. ఒకేసారి ఐదారుగురికి మించి కూర్చోబెట్టకండి. మిగిలినవాళ్లను ఆయా పాటలకో ఆటలకో తీసుకెళ్తుంది. ముందు రోజే ఆయాతో కూర్చుని మాట్లాడుకోండి, లేకపోతే ఆమె నేల తుడవాలన్న టెన్షన్‌తో పిల్లల్ని అదిలిస్తూ ఉంటుంది, దాంతో మీరనుకున్నది చెడుతుంది.

వారానికి ఒక్కటే

ఒక వారం గీత. క్రేయాన్ ఇవ్వడానికి ముందు ఒళ్లు కదపండి. వాకిట్లో వంకరగా నడవండి, గుండ్రంగా తిరగండి, చేత్తో గాల్లో వాన గీయండి. ఎండ ఉన్న రోజున చెంబుడు నీళ్లు, కుంచె ఇచ్చి సిమెంటు గచ్చు మీదో గోడ మీదో గీయమనండి. నీటిగీత నల్లగా మెరుస్తుంది, చూస్తుండగానే ఆరిపోతుంది. తప్పు గీశానన్న భయం ఉన్న పిల్లలకు ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు. గోడ మీద నిలబడి గీస్తే భుజం, మణికట్టు కూడా బలపడతాయి.

ఒక వారం ముట్టుకోవడం. చేట, ఈత చాప, గోనెసంచి, జామాకు, రూపాయి బిళ్ల. వీటి మీద పల్చటి కాగితం పరిచి, క్రేయాన్ పడుకోబెట్టి రుద్దితే అడుగున ఉన్నది పైకి వస్తుంది. జామాకు ఈనెలు ఒక్కొక్కటీ తేలుతుంటే పిల్లలు కాగితం ఎత్తి కింద చూస్తారు, మళ్లీ రుద్దుతారు, మళ్లీ ఎత్తి చూస్తారు. ఈ పనిలో మాటలు బోలెడు పుడతాయి: గరుకు, నునుపు, మెత్తన, గుచ్చుకుంటోంది, జిగటగా ఉంది. టేకాకునూ రావి ఆకునూ కళ్లు మూసుకుని తడిమి ఏది ఏదో చెప్పమనండి. ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి దొరికితే అది కూడా చేతికివ్వండి. అంకుడు కర్రను తిప్పుతూ చేసే బొమ్మ కాబట్టి ఎటు తడిమినా గుండ్రమే తగులుతుంది. కొండపల్లి బొమ్మ అలా ఉండదు, చేతులూ తలా విడివిడిగా తగులుతాయి. రెండూ పక్కపక్కన పట్టుకున్న పిల్లలకు రూపం అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

ఆకారానికి కూరగాయల అచ్చులు చాలు. బెండకాయ అడ్డంగా కోస్తే ఐదు మూలల పువ్వు, ఉల్లిపాయ కోస్తే వలయంలో వలయం. దీని గురించి ఎక్కువ చెప్పను, మీరందరూ చేసే ఉంటారు. ఒక్కటే మాట. అచ్చు ఎక్కడ వేయాలో మీరు చెప్పకండి.

రంగు వారం మాత్రం తీరిగ్గా గడపండి. ఒకేసారి పన్నెండు రంగులు ముందు పెడితే పది నిమిషాల్లో అన్నీ కలిసి బురద రంగు వస్తుంది, పిల్లలు ఏమీ చూడరు. రోజుకు రెండే ఇవ్వండి. ఒకరోజు ఎర్ర మందారం రెక్కలు ఇచ్చి కాగితం మీద రుద్దమనండి. ఎరుపు వస్తుందనుకుంటారు. వంకాయ రంగుకు దగ్గరగా ఊదా వస్తుంది. "టీచర్, పువ్వు తప్పు" అన్నాడు మా దగ్గర ఒక బాబు. అప్పుడు నిమ్మచెక్క ఇచ్చి ఒక చుక్క పిండమంటే ఊదా కాస్తా గులాబీ అయిపోయింది. ఆ రోజు నిమ్మచెక్క పిప్పి అయ్యేదాకా వదల్లేదు. ఇంకోరోజు పసుపునీళ్లు పూసి ఆరబెట్టిన కాగితాలు సిద్ధం చేసుకోండి. బట్టల సబ్బు కలిపిన నీళ్లలో పుల్ల ముంచి గీస్తే పచ్చటి కాగితం మీద ఎర్రటి గీత పడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి కూడా పసుపు, సున్నం కలిస్తే వచ్చిన ఎరుపే. పిల్లలకు సున్నం మాత్రం ఇవ్వకండి, కంటికి ప్రమాదం. సబ్బునీళ్లు కూడా మీరు పక్కన కూర్చుని ఉన్నప్పుడే ఇవ్వండి. శంఖుపుష్పాల నీలం రసంలో నిమ్మరసం పడితే ఊదా అవుతుంది. ఇవన్నీ చూపించే ముందు ఏం జరుగుతుందో చెప్పేయకండి. "ఏమవుతుందో చూద్దాం" అని ఊరుకోండి. అలా ఊరుకోవడం నాకు చాలా కాలం చేతకాలేదు, నోరు ముందు వచ్చేసేది.

ఖాళీ గురించి. "కాగితం నిండా వెయ్యి" అని మనం అలవాటుగా అనేస్తాం. ఆ మాట ఆపేయండి. నింపాలన్న తొందర లేకపోతే పిల్లలు ఎక్కడ ఆపాలో తామే నిర్ణయించుకుంటారు. పళ్లెంలో ఇసక పోసి ఐదే ఐదు ఆకులు ఇచ్చి, నచ్చినట్టు పెట్టమనండి. జరుపుతారు, చూస్తారు, మళ్లీ జరుపుతారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు నగలను, చీర అంచును చిల్లులు కొట్టి చూపిస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే మెరుస్తాయి. ఎండు బాదం ఆకుకు పుల్లతో చిల్లులు పొడిచి ఎండకు పట్టుకుంటే మన పిల్లలకూ ఆ వెలుగు అందుతుంది. ఆకు నీడ నేల మీద పడితే ఇక అరగంట వాళ్లు మీ దగ్గరికి రారు.

పూలతో రెండు రోజులు

సమతూకం, లయ, ప్రాధాన్యం లాంటివి చిన్నపిల్లలకు చెప్పగలమా అని అడుగుతారు. చెప్పలేం. చేయించగలం. తెలంగాణలో ఉన్నవాళ్లకు బతుకమ్మ రోజులు దీనికి బంగారం లాంటివి. ఇంట్లో అమ్మ పేరుస్తుంటే పిల్లలు పక్కన కూర్చుని పూలు అందిస్తారే గాని పెద్దవాళ్లు వాళ్లను పేర్చనివ్వరు. బడిలో పేర్చనివ్వండి. తంగేడు, గునుగు, బంతి, చామంతి వేరు వేరు పళ్లాల్లో పోయండి. ముందు వేరుచేయడమే ఒక పని, దానికే ఒక రోజు పోతుంది. పోనివ్వండి. రెండో రోజు ఐదుగురికి ఒక సిబ్బి ఇచ్చి, కింద గుమ్మడాకులు పరిచి, మొదటి వరస మీరూ వాళ్లూ కలిసి పెట్టండి. తర్వాత మీరు చేతులు వెనక్కి తీసుకోండి.

కాసేపటికి ఒక పక్క ఎత్తుగా లేచి అటే ఒరుగుతుంది. అప్పుడే "ఇలా కాదు" అని సర్దబోయి ఆగండి. "ఎటు ఒరుగుతోంది?" అని మాత్రం అడగండి. మా దగ్గర ఒక పాప పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, తక్కువగా ఉన్న వైపు గుప్పెడు గునుగు కుక్కింది. నిలబడింది. సమతూకం ఆ పాపకు ఆ గుప్పెట్లో అర్థమైంది. ఇంకో బాబు పచ్చ, తెలుపు, పచ్చ, తెలుపు అని పైకే చెప్పుకుంటూ పెట్టాడు. తెలుపు తర్వాత పక్కవాడు నారింజ బంతి పెడితే పెద్ద గొడవ. ఆ గొడవ కూడా కళ గురించిన మాటే కదా. నేను కలగజేసుకోలేదు, చివరికి నారింజకు విడిగా ఒక వరస ఇచ్చుకున్నారు. శిఖరాన గుమ్మడి పువ్వు పెట్టగానే అందరూ దాన్నే చూశారు.

ఆంధ్రలో ఉన్నవాళ్లు సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ ఇదే చేయించవచ్చు. పండగ లేని రోజుల్లో రాళ్లు, ఆకులు, సీసా మూతలు చాలు. ముగ్గు కూడా చేయించండి, అయితే చుక్కల లెక్క ఈ వయసుకు వద్దు. పళ్లెంలో వరిపిండి ఇచ్చి చిటికెతో తీసి జార్చమనండి. ఆ చిటికె పట్టు కుదిరిన పిల్లలకు పెన్సిల్ బరువనిపించదు. మడిచిన కాగితంలో ఒక పక్కే రంగు చుక్కలు వేసి, మూసి, నొక్కి తెరిస్తే రెండో పక్కా అదే వస్తుంది. "ముగ్గులాగా వచ్చింది" అని వాళ్లే అంటారు.

పక్కన కూర్చుని ఏం మాట్లాడాలి

"వెరీ గుడ్", "సూపర్" అనడం తగ్గించండి. నలుగురికీ ఒకేలా వెరీ గుడ్ చెబితే మీరు చూడలేదని పిల్లలకు తెలిసిపోతుంది. "ఏంటిది?" అని కూడా అడగకండి. అది ఏదో ఒకటి అయి తీరాలని వాళ్లకు అనిపిస్తుంది, భయపడి "పువ్వు" అనేస్తారు. కనబడింది కనబడినట్టు చెప్పండి: "ఇక్కడ గట్టిగా నొక్కావు", "ఈ గీత ఇక్కణ్నుంచి బయలుదేరి అటు దాకా వెళ్లింది", "రెండు నీలాలు ఉన్నాయే!" అంతే చాలు, మిగిలింది వాళ్లే చెబుతారు.

ఒకసారి నాలుగేళ్ల బాబు నల్ల క్రేయాన్‌తో కాగితం మొత్తం నింపేస్తున్నాడు. వేరే రంగు తీసుకోరా అనబోయాను. ఇంట్లో ఏమైనా జరిగిందేమోనన్న దిగులు కూడా పుట్టింది. ఆపుకుని పక్కన కూర్చుని "నల్లగా, మందంగా నింపావు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తకుండా "కరెంటు పోయింది" అన్నాడు. కాగితాన్ని వెలుతురుకు వంచి చూస్తే ఆ నలుపు అడుగున ముందుగా వేసిన ఇల్లు, ఫ్యాను, మంచం మీద నాయనమ్మ ఉన్నారు. అందరినీ వేశాకే కరెంటు తీసేశాడు. మూలన నలుపు తగలకుండా వదిలిన చిన్న పసుపు చుక్క ఉంది. "అది సెల్లు లైటు" అన్నాడు. వెలుగు కోసం చుట్టూ చీకటి పెట్టడం ఆ బాబుకు నేను నేర్పలేదు. ఆ రోజు వేరే రంగు తీసుకో అని ఉంటే నాకు కనబడేదీ కాదు.

"టీచర్, ఏనుగు గీసివ్వండి" అని అడిగినప్పుడు ఏం చేయాలన్నది అందరికీ వచ్చే ఇబ్బంది. గీసివ్వకండి, "నువ్వే గీసుకో" అని పొమ్మననూ వద్దు. "ఏనుగు నడిస్తే ఎలా ఉంటుంది?" అని ఇద్దరూ లేచి నడవండి. తొండం ఊపండి. "ముందు ఏది గీద్దామనుకుంటున్నావు, తొండమా, కాళ్లా?" అని అడగండి. వచ్చేది ఏనుగులా ఉండకపోవచ్చు. పర్వాలేదు, అది తన ఏనుగు. మరీ పట్టుబడితే మీరు వేరే కాగితం మీద గీయండి. మీ గీత ఎప్పుడూ మీ కాగితం మీదే ఉండాలి.

అసలు చెయ్యి పెట్టని పిల్లలు కూడా ఉంటారు. మన్ను ముట్టుకోరు, రంగు అంటితే ఏడుస్తారు. బలవంతం చేయకండి. పుల్ల ఇవ్వండి, చెంచా ఇవ్వండి, పక్కన గిన్నెలో నీళ్లు, గుడ్డ పెట్టి "ఎప్పుడు కావాలంటే అప్పుడు కడుక్కోవచ్చు" అని చెప్పండి. కొందరికి నెల పడుతుంది. చూస్తూ కూర్చోవడం కూడా పనే.

ఇవి మాత్రం వద్దు

గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా క్లాసులోకి తేకండి. ఒక్కటి నమిలినా ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ వద్దు. పూల పనిలో గన్నేరు, పచ్చగన్నేరు వాడకండి. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. మూడేళ్ల వాళ్లు ఉన్నచోట బఠాణీలు, పూసలు, థర్మోకోల్ గుండ్లు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు. బజారు రంగోలీ పొడి సన్నటి దుమ్ములా లేస్తుంది, పీలిస్తే దగ్గు. దాని బదులు వరిపిండో బొంబాయి రవ్వో ఇవ్వండి.

అమ్మలతో, సూపర్‌వైజర్‌తో

"బొమ్మలేనా, అక్షరాలు ఎప్పుడు నేర్పిస్తారు?" అని తల్లులు అడిగితే విసుక్కోకండి, వాళ్ల భయం న్యాయమైనదే. అంగన్‌వాడీల్లో నెలకోసారి జరిగే ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) డే నాడు వాళ్ల చేతికి సుద్దముక్క ఇచ్చి "ర" రాయమనండి. తర్వాత "ఠ", ఆ తర్వాత "ల". మన అక్షరాలన్నీ చుట్టలే. సున్న చుట్టి మొదలైన చోటే కలపడం వచ్చిన చేతికి "ఠ" రావడానికి ఎంతసేపు? గుడి, కొమ్ము, తలకట్టు ఇవన్నీ తన గీతల్లో ఎక్కడున్నాయో ఆ పిల్ల కాగితంలోనే వేలు పెట్టి చూపించండి. నేను చూసినంతలో, కోడి కెలికినట్టుందని ఇంట్లో తిట్టిన కాగితాన్నే అలా చూపిస్తే తల్లి దాన్ని మడిచి ఇంటికి పట్టుకెళ్తుంది.

తనిఖీకి వచ్చినవాళ్లు గోడ మీద చక్కటి బొమ్మలు లేవేమని అడగవచ్చు. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలో భాష, లెక్కలతో పాటు సౌందర్య, సాంస్కృతిక వికాసం కూడా ఒక ప్రత్యేక రంగం అని వినయంగా చెప్పండి. ఆ మాట కంటే పిల్లల కాగితాలు ఎక్కువ పనిచేస్తాయి. వాటిని పిల్లల కంటి ఎత్తులో, నేల నుంచి మూడడుగుల లోపే తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. పక్కన పాప చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాసి పెట్టండి. "కరెంటు పోయింది" అని రాసి ఉన్న నల్ల కాగితం ముందు మా దగ్గరికి వచ్చిన మేడమ్ చాలాసేపే నిలబడ్డారు.

ఫైలు ఇలా పెట్టుకోండి

పాత క్యాలెండర్ అట్టను మధ్యకు మడిచి రెండు పక్కలా కుడితే ఒక్కొక్కరికీ ఒక సంచి తయారవుతుంది. అన్ని కాగితాలూ దాచలేం. నెలకు రెండు దాచండి, వాటిలో ఒకటి పాపనే ఎంచుకోమనండి. తను ఎంచుకున్నది మీకు నచ్చినది అయి ఉండదు, అయినా అదే పెట్టండి. బొమ్మ మీద పేరు రాయకండి, అది తన చోటు. వెనక పక్క పేరు, తేదీ, ఏ చేత్తో పట్టుకుంది, ఏమంది అన్నవి రెండు ముక్కల్లో రాయండి. మన్నుతో, పూలతో చేసినవి నిలవవు కాబట్టి ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఏప్రిల్లో సెలవులిచ్చే ముందు జూన్‌లో వేసిన మొదటి కాగితం, ఇప్పటి కాగితం నేల మీద పక్కపక్కన పెట్టి, పాపను, అమ్మను కూర్చోబెట్టండి. మీరు ఏమీ చెప్పకండి. మా దగ్గర ఐదేళ్ల పాప ఒకతె తన జూన్ కాగితం చూసి "ఇది చిన్నప్పుడు వేశాను" అని, దాన్ని అమ్మకిచ్చి, ఏప్రిల్ కాగితం తన దగ్గరే ఉంచుకుంది.